అత్త అల్లిన అంచు

ఖుర్సీపార్, ఆగస్టు 1994, ఆదివారం రాత్రి

టీవీ మీద వెయ్యడానికి మా అత్త అల్లుతున్న క్రోషియా గుడ్డ పైకి వచ్చేకొద్దీ సన్నబడిపోతోంది. పొద్దున్న దాన్ని ఎత్తి పట్టుకుని, "ఏటత్తా, కవరు టీవీకా, సమోసాకా?" అన్నాను.

"చుప్పుండవే. నూలే అలాంటిది" అంది.

మా వీధిలో సగం మందికి అంచు తిన్నగా అల్లడం నేర్పిన మనిషి, నూలు మీద నెపం పెడుతుందా? పక్కన కూర్చుని చూశాను. ప్రతి వరసలోనూ చివరి కుట్టు కనబడక, దాన్ని వదిలేసి వెనక్కి తిరిగిపోతోంది. వేలితో తడుముకుంటోంది కూడా. నాకిక నవ్వు రాలేదు. కళ్ళ మాట ఎత్తితే అలిగి అన్నం మానేస్తుంది.

ఆవిడ టీ పెట్టుకోడానికి లేవగానే తప్పిన వరసలన్నీ లాగేసి, రెండు కొసల కుట్లకీ ఎర్ర దారం ముక్కలు కట్టాను. వచ్చి తిట్టబోతే, "దిష్టి తగిలిందత్తా, ఇవి ఉంటేగాని పోదు" అన్నాను. ఆవిడ మళ్ళీ అల్లిక అందుకుంది. ఎర్ర దారం దాకా అల్లడం, ఆ ముక్కని పై వరసకి మార్చుకోవడం. సాయంత్రానికి అంచు గీత గీసినట్టు వచ్చింది.

అప్పుడు నా చెవి మెలిపెట్టి, "దిష్టి అంచులకే తగుల్తాదేటే, దొంగమొహమా?" అంది. ఆ తర్వాత మెల్లిగా, "రేపు కళ్ళ డాక్టరు కాడికి తీసుకెళ్ళు. నీ మొగుడికి చెప్పకు, కంగారు పడిపోతాడు" అంది.

సరేనన్నాను. ఇప్పుడు ఆవిడ హాయిగా గురక పెడుతోంది. ఆ డాక్టరు ఏమంటాడోనని నాకే నిద్ర పట్టడం లేదు.