గొంతు తీసేసిన పాట

జూలై 3

ఈ డైరీ పేజీ నెత్తిన 'శుభదినం' అని అచ్చువేశారు. తప్పు. కొట్టేశాను.

మనవరాలు హారిక కొత్త పాట వినిపించింది. శుక్రవారం విడుదల. ఆఫీసు పని అయ్యాక మేడ మీద గదిలో కంప్యూటర్‌తోనే చేస్తుంది — డాన్సు సంగీతం. ప్రోగ్రెసివ్ అట. అండర్‌గ్రౌండ్ అట. ప్రోగ్రెసివ్ అంటే ఏందే అంటే "మెల్లగా ఎదుగుద్ది అమ్మమ్మా" అంది. మా వీధి డ్రైనేజీ పని కంటే నయం. అండర్‌గ్రౌండ్ అంటే ఎవరూ కొనరని నేనే అర్థం చేసుకున్నాను.

మొదట పిండిమర మోత. చాలాసేపు. ఆగింది. ఆగినచోట — నా చెల్లెలు రమణ గొంతు.

"లేవయ్యా శీనయ్యా... కాలవ నీళ్ళ వంతు మనదయ్యా... లే..."

మళ్ళీ మోత.

కాఫీ చేతిలోనే చల్లారిపోయింది.

జూలై 4

మాఘంలో, గురజాలలో, కొడుకు శవం మీద పడి రమణ పెట్టిన శోకాలు అవి. పొలం మోటారు దగ్గర కరెంటు కొట్టింది శీనయ్యకి. నీళ్ళు పెట్టడానికి వెళ్ళినవాడిని మంచం మీద తెచ్చారు.

"ఎప్పుడు రికార్డు చేశావే?"

"అప్పుడే. ఫోను ఒళ్ళో పెట్టుకున్నా."

"అది పాట కాదే."

"తెలుసు. అందుకే."

ఆ 'అందుకే' నాకు అర్థమైంది — నిజం ఏడుపు కాబట్టే పెట్టుకుందని. కోపం దాని మీదే.

ఇంకో ముగ్గురికి కూడా పంపిందట, రీమిక్సులు చేయమని. ఒకడిది పోర్చుగల్. నా చెల్లెలి ఏడుపుకి పోర్చుగల్‌లో గెంతుతారన్నమాట.

మా వైపు రాగం తీసి ఏడవడం పెద్దకర్మ దాకానే. ఆ తర్వాత ఇంట్లో ఆ రాగం వినబడకూడదు — ఇంకో చావును పిలిచినట్టట. రిటైరయ్యేదాకా ఫిజిక్సు చెప్పినదాన్ని, నమ్మను. అయినా లేచి కిటికీ మూశాను.

జూలై 5

తీయించాను. పాటలోంచే కాదు. "మూలం కూడా చెరిపెయ్. నా కళ్ళ ముందు." ఫోనులో, కంప్యూటర్‌లో, ఇంకెక్కడో ఆకాశంలో దాస్తారే, అక్కడ కూడా. ఆ ముగ్గురికీ చెరిపేయమని మెయిలు పెట్టించాను.

"చిన్నమ్మమ్మని ఒక మాట అడుగుదాం, అమ్మమ్మా."

"అడిగేదేంది? మళ్ళీ చంపడానికా దాన్ని?"

పిల్ల బుద్ధిగా చెరిపింది. నా మాట నెగ్గింది.

జూలై 7

విడుదలైంది. గొంతు ఉండాల్సినచోట ఖాళీ. విన్నవాళ్ళు ఆ ఖాళీనే మెచ్చుకుంటున్నారట. రసికులు.

జూలై 9

చెప్పకుండా గురజాల బస్సెక్కింది హారిక. రమణ కాళ్ళు పట్టుకుని అంతా చెప్పేసిందట. సాయంత్రం రమణ ఫోను. తిడుతుందనే ఎత్తాను.

"అక్కా, అది ఏదీ?"

"ఏది?"

"నా ఏడుపు."

అదే చెప్పుకుపోయింది —

"ఆ రోజు వాడితో ఏమేం చెప్పానో ఒక్క ముక్క గుర్తులేదక్కా. వాడితో మాట్లాడింది అదే ఆఖరు గదా. ఇప్పుడు నోరు తెరిచి ఏడిస్తే కోడలు తలుపేస్తది. పక్కింటి వదిన, పిల్లలున్న ఇల్లు ఊరుకోమంటది. ఒక్కసారి వింటా."

"తీసేశారే."

"ఎవరు?"

"...నేనే తీయించా."

"చదువుకున్నదానివి." ఫోను పెట్టేసింది.

జూలై 10

ఎక్కడా లేదు. ఆ ముగ్గురిలో ఇద్దరు అంతా చెరిపేశామన్నారట. హారిక పొద్దుటి నుంచి వెతుకుతోంది. "అంత శ్రద్ధగా ఎందుకు చెరిపావే?" అన్నాను. నా వంక చూసింది. ఆ చూపు నా దగ్గర నేర్చుకున్నదే.

జూలై 12

పోర్చుగల్ అబ్బాయి జవాబు. తను కూడా చెరిపేశాడట, అడగ్గానే. మర్యాదస్తుడు... తను చేసిన రీమిక్సు మాత్రం మిగిలింది. పంపాడు.

విన్నాను. రమణ గొంతును సాగదీశాడు. తిరగేశాడు. 'లే' ఒక్కదాన్ని కోసి డప్పు మీద వేశాడు — లే లే లే లే. ఒకచోట మాత్రం కత్తెర పెట్టలేదు. 'వంతు మనదయ్యా' — చివర ఎగపీల్చిన ఊపిరితో సహా.

అంతే. మిగతా అంతా పోయింది. శీనయ్య చిన్నతనం చెప్పిందా? పెళ్ళి సంగతి చెప్పిందా? ఆ రోజు దాని భుజం పట్టుకుని కూర్చున్నది నేనే. నాకూ గుర్తులేదు.

జూలై 13

రమణకి చెప్పాను, మిగిలింది ఇదీ అని.

"పట్టుకురా."

"డాన్సు పాటే అది."

"నేనేం గెంతనులే."

"బాగుండదు రమణా."

"బాగుండాలని అడిగానా?"

ఆ పిల్లాడి 'లే లే' విని రమణ ఏమైపోతుందో... వినిపించకపోతే ఏమైపోతుందో. రేపు బస్సు గురజాల చేరేలోపు తేల్చుకోవాలి. తేలకపోయినా దిగాల్సిందే కదా.

రేపు పొద్దున — సెల్ షాపు తీయగానే హెడ్‌ఫోన్లు. చెవిలో దూర్చేవి కాదు, చెవి మొత్తం మూసేవి, మోత బయటికి పొక్కనివి. కోడలి చెవిన పడకూడదు. రమణ తల చిన్నది, బిగించుకునే రకం అడగాలి. డబ్బులిచ్చేముందు నా తలకి పెట్టుకుని, హారికని పక్కన నిలబెట్టి, బయటికి వినబడుతోందా లేదా అడిగి చూడాలి.