ముద్ర కత్తిరించిన కాగితం

థాంప్సన్, మానిటోబా
9 ఫిబ్రవరి 2019, శనివారం

ఇర్మా ఫ్రీసెన్ గారికి,

డార్లా ఫ్లెట్ వందనాలు. మీరూ, మీ చెల్లెలు గారూ, మీ కొత్త మోకాలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. చలి మైనస్ ముప్పై ఎనిమిది. పొద్దున్నే కారు స్టార్ట్ అయితే ఆ రోజుకి అదే పండగ.

ఏటా క్రిస్మస్‌కి ఒక కార్డు పంపి, అంతా కుశలం అని రెండు ముక్కలు గీకి ఊరుకునేదాన్ని. ఇంత పెద్ద ఉత్తరం చూసి కంగారు పడకండి. ఎవరికీ ఏమీ కాలేదు. ఇరవై మూడేళ్ల కిందట చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర మిగిలిపోయింది. అది చెప్పుకోవడానికే రాస్తున్నాను.

ముందు వార్త. మీ పుస్తకాల గది ఖాళీ చేస్తున్నాం. విమానాల మరమ్మతు పుస్తకాలన్నీ ఇక టాబ్లెట్లలోనే వస్తాయి, పేజీ మారితే దానంతటదే మారిపోతుంది. అరల నిండా ఉన్న ఆ నీలం ఫైళ్లు దింపే పని నేను చేస్తానన్నాను. మరమ్మతు విభాగానికి పెద్దవి, నీకీ మోతపని ఏంటని మావాళ్లు నవ్వారు. నవ్వుకోనిచ్చాను. ప్రతి ఫైలు మొదటి షీటులో, సవరణలు నమోదు చేసే పట్టికలో, మీ చేతిరాత ఉంది, తేదీ పక్కన సంతకం, ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు.

రెండు వారాలకోసారి తయారీదారుల నుంచీ, ప్రభుత్వం నుంచీ వచ్చే గోధుమరంగు కవర్లు గుర్తొచ్చాయి. మీరు ఫైలు తీసి, పాత పేజీ లాగి, కొత్త పేజీ గుచ్చి, మొదటి షీటులో సంతకం పెట్టేవారు. పాత పేజీని అడ్డంగా కత్తిరించి బాయిలర్లో వేసేదాకా మీకు కాఫీ దిగేది కాదు. వెనకాల మేం మిమ్మల్ని కాగితాల పోలీసు అనేవాళ్లం. ఆ పేరు పైలట్ లోర్న్ పెట్టాడని అందరూ అనుకున్నారు. పెట్టింది నేను. ముందుగా దానికి క్షమాపణ.

ఇక అసలు సంగతి. పోయిన నెల డ్వేన్ అనే మెకానిక్‌ని పట్టుకున్నాను. నలభై దాటినవాడు, మంచి పనివాడు. టాబ్లెట్ ఆఫీసులో ఛార్జింగుకి పెట్టి, ఫోనులో ఎప్పుడో తీసుకున్న పేజీ ఫోటో చూస్తూ బ్రేకులు బిగిస్తున్నాడు. ఆ ఫోటో తీశాక పేజీ రెండుసార్లు మారింది. నేను గట్టిగానే నిలదీశాను. వాడు చేతులు తుడుచుకుంటూ, ఇక్కణ్ణుంచి ఆఫీసు దాకా నడిస్తే కాళ్లు అరిగిపోవు గానీ డార్లా, నిజం చెప్పు, నువ్వెప్పుడూ చెయ్యలేదా ఇలాంటిది, అన్నాడు.

చెయ్యలేదు, అన్నాను. వాడు సరే అని తలూపి బ్రేకులు మళ్లీ విప్పాడు. నేను మాత్రం ఆ రోజు మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవలేదు.

1996 ఫిబ్రవరి మీకు గుర్తుండే ఉంటుంది. నాకు లైసెన్సు వచ్చి ఎనిమిది నెలలు. మంచు మీద దిగడానికి చక్రాల బదులు స్కీలు కట్టిన మన ఒంటి ఇంజిన్ విమానానికి వార్షిక తనిఖీ చేసింది నేను. రెక్కను కింద నుంచి పట్టి ఉంచే ఊతకమ్మి ఉంటుందే, దాని అడుగు బోల్టు పని. పాత పేజీ ప్రకారం ఆ బోల్టు బిగువు చూస్తే చాలు. కొత్త పేజీ వేరు. ప్రభుత్వ ఆదేశం మీద మార్చారు. బోల్టు విప్పి తీయాలి, అది కూర్చునే చోట ఎర్ర రంగు మందు పూసి పగులు ఉందేమో చూడాలి, అప్పుడు కొత్త అంకెకి బిగించాలి.

జెరాక్స్ కాగితాలకి మీ నియమం ఒకటి ఉండేది. మూల మీద ఎర్ర ముద్ర కొట్టి, తేదీ వేసి, ఈ రోజుకే చెల్లుతుంది, సాయంత్రం తెచ్చి నా చేతికివ్వు అనేవారు. అంతకు ముందు అక్టోబరులో నేను ఆ బోల్టు పేజీ జెరాక్స్ తీయించుకున్నాను. తిరిగి ఇవ్వలేదు. కత్తెరతో ముద్ర ఉన్న మూల కోసేసి, పనిముట్ల పెట్టె మూతకి లోపల అంటించుకున్నాను. ఫిబ్రవరిలో దాన్ని చూస్తూ పని చేశాను. పని కార్డు నింపేటప్పుడు మాత్రం మీ గది గుమ్మం దాకా వచ్చి, పక్కనే బల్ల మీద తెరిచి ఉన్న మొదటి షీటులో చివరి సవరణ నంబరు చూసి, అదే కార్డు మీద వేశాను. మీరు ఊళ్లో లేరు, విన్నిపెగ్ వెళ్లారు. పుస్తకం లోపలికి నేను తొంగి కూడా చూడలేదు. కొత్త పేజీ చదివి పని చేశానని సంతకం పెట్టాను. అది అబద్ధం, ఇర్మా గారూ.

గురువారం పొద్దున విమానం బయల్దేరబోతోంది. లోర్న్, ఒక నర్సు, కిడ్నీ వైద్యానికి వచ్చి ఇంటికి పోతున్న ఒక పెద్దాయన. నేను మంచు మీద నిలబడి ఇంజిన్ వేడి చేసే గొట్టం చుడుతున్నాను. మీరు కోటు లేకుండా, ఇంట్లో తొడుక్కునే చెప్పులతో గడ్డకట్టిన సరస్సు మీద పరుగెత్తుకొచ్చి విమానానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డారు. లోర్న్ కిటికీ తెరిచి, పెద్దమ్మా, పక్కకి జరుగు, నిన్ను ఎక్కించుకోవడానికి సీటు లేదు, అన్నాడు. మీరు వాడి వైపు చూడలేదు. నా వైపు తిరిగి, ఆ బోల్టు విప్పు, అన్నారు. అంతే అన్నారు.

విప్పాం. మందు పూస్తే ఎర్రగా గీత కనబడింది, నా చిటికెన వేలి గోరంత. లోర్న్ దాన్ని చూసి, మీ భుజాల మీద తన కోటు కప్పి లోపలికి పోయాడు. నా కార్డు మీద నంబరు కొత్తది, బిగించిన అంకె పాతది అని మీరు పట్టుకున్నారని అప్పుడే నాకు అర్థమైంది.

పగులు దొరికితే పైకి తెలియజేయాలి గనుక మన యజమాని రెజ్ తెలియజేశాడు. తర్వాతి వారం ప్రభుత్వ విమానాల శాఖ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కార్డూ, పుస్తకమూ పక్కపక్కన పెట్టి నన్ను పిలిచాడు. కొత్త పేజీ పుస్తకంలో శుభ్రంగా ఉంది. ఇక నా లైసెన్సు పోయినట్టే అనుకున్నాను. నేను నోరు తెరిచేలోపు మీరు లేచి, ఆ పేజీ నేను గుచ్చింది గురువారం పొద్దున, అంతకు ముందే సంతకం పెట్టేశాను, ఈ అమ్మాయి నా సంతకాన్ని నమ్మింది, రాసుకోండి, అన్నారు. ఆయన రాసుకున్నాడు.

రెజ్ అందరి ముందూ మీ దగ్గర గది తాళం చెవి తీసుకున్నాడు. పందొమ్మిదేళ్ల గది. మిమ్మల్ని సరుకుల కౌంటర్లో పెట్టెలు తూచే పనికి మార్చారు. కాగితాల పోలీసుకే చలానా పడిందిరా అని కాఫీ యంత్రం దగ్గర నవ్వుకున్నారు. నేనూ అక్కడే ఉన్నాను. మీరు వచ్చి, కప్పు నింపుకుని, నాకొక్కదానికే వినబడేలా, నువ్వు నోరు మెదపకు, ఇందులో నీ తప్పేమీ లేదు, పోయి పని చూసుకో, అన్నారు.

నేను నోరు మెదపలేదు. మీ కోసం కాదు, నా కోసమే. ఆ మాట దాచుకోను. ఏడాది తిరక్కుండా మీరు ఉద్యోగం మానేసి స్టైన్‌బాక్ వెళ్లిపోయారు.

ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఒక్క మర కూడా పుస్తకం తెరవకుండా తిప్పలేదు. నంబరు చూస్తాను, పేజీ చూస్తాను, తేదీ చూస్తాను, మళ్లీ చూస్తాను. నాకు నత్త అని పేరు. ఈ లైసెన్సు, ఈ కుర్చీ, నా ఇద్దరు పిల్లల చదువు, అన్నీ మీరు నా కోసం ఆడిన ఆ అబద్ధం మీదే నిలబడ్డాయి. ఆ నర్సు ఇప్పటికీ ఇక్కడే ఉంది. సరుకుల కొట్లో కనబడినప్పుడల్లా మీరే గుర్తొస్తారు. జీవితంలో ఒక్క తప్పు మాట రాయని మనిషి నా కోసం తన పేరు మీద తప్పు రాయించుకుంది. మీకెలా కృతజ్ఞత చెప్పాలో నాకు చేతకాలేదు. అందుకే ఇన్నేళ్లూ కార్డులు పంపాను.

ఈ కవరులో ఇన్‌స్పెక్టర్ల కార్యాలయానికి నేను రాసిన ఉత్తరం ఉంది. రెండే పేరాలు. మొదటిది నేను చేసింది. రెండోది, నన్ను కాపాడటానికి మీరు అబద్ధం చెప్పారనీ, ఆ పాత నివేదికలోంచి మీ పేరు తీసేయమనీ. లైసెన్సు కొన్నాళ్లు పక్కన పెట్టమంటారేమో, కుర్చీ పోతుందేమో, తెలియదు. డ్వేన్‌కి మాత్రం నిన్ననే నిజం చెప్పేశాను. వాడు నవ్వలేదు. మీరు చదివి తిప్పి పంపితే నేను పోస్టు చేస్తాను. మీ పేరున్న కాగితం మీకు చూపకుండా పంపలేను.

మీ మేలు మరవని,
డార్లా ఫ్లెట్


స్టైన్‌బాక్, మానిటోబా
16 ఫిబ్రవరి 2019, శనివారం

డార్లాకి, ఇర్మా ఫ్రీసెన్ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మోకాలు బాగానే ఉంది, పాత మోకాలే కుళ్లుకుంటోంది. మా చెల్లెలు నిన్ను అడిగినట్టు రాయమంది. ఈ వారం చర్చిలో దుప్పట్లు కుట్టే పని నడుస్తోంది, పన్నెండు పూర్తయ్యాయి. అందులో ఒకదాని కుట్టు వంకరగా ఉంటే విప్పి మళ్లీ కుట్టించాను. ఇక్కడ కూడా నాకేదో పేరు పెట్టే ఉంటారు.

కాగితాల పోలీసు అన్నది నువ్వేనని నాకు అప్పుడే తెలుసు. నువ్వు గుసగుసగా మాట్లాడితే విమానాల షెడ్డు అవతలికి వినబడేది.

గది ఖాళీ చేస్తున్నందుకు బాధ లేదు. ఆ ఫైళ్లు నా నడుము విరిచాయి. మొదటి షీట్లు మాత్రం పారేయొద్దని మీ వాళ్లకి చెప్పు.

నీ ఉత్తరం తిప్పి పంపుతున్నాను. పోస్టు చేయకు. పాతవి తవ్వి తీయడం వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. నువ్వు మంచి మెకానిక్‌వి అయ్యావు, నాకు అది చాలు.

ఇట్లు,
ఇర్మా ఫ్రీసెన్

తా.క. ఇవాళ సోమవారం, సెలవు. పోస్టాఫీసు తెరవలేదు. తెరిచి ఉంటే పైనున్న ఉత్తరమే నీకు చేరేది, దాంతో సరిపెట్టుకునేదాన్ని. రెండు రోజులు బల్ల మీద ఆ కవరు చూస్తూ ఉండలేక విప్పాను.

నీ రెండో పేరా తప్పు. ఎర్ర సిరాతో కొట్టేశాను. నేను అబద్ధం చెప్పలేదు డార్లా. ఆ వారం చెల్లెలి ఆపరేషన్‌కి విన్నిపెగ్ బస్సు అందుకునే తొందరలో ఉన్నాను. కవరు వచ్చింది. మొదటి షీటులో సంతకం పెట్టేశాను, పేజీ తిరిగొచ్చాక గుచ్చుదాంలే అని సొరుగులో పడేశాను. పందొమ్మిదేళ్లలో అలా చేసింది ఆ ఒక్కసారే. గురువారం పొద్దున స్టాప్లర్ కోసం సొరుగు లాగితే ఆ కవరు కనబడింది. తల ఎత్తితే కిటికీలో, నేను లేనప్పుడు తనిఖీ ముగించుకున్న ఆ విమానం. నీ కార్డు నేను చూడనే లేదు. నా తప్పు ఎగిరిపోతోందని పరుగెత్తాను. విమానం ఆగాకే లోపలికొచ్చి ఆ పేజీ గుచ్చాను. ఇన్‌స్పెక్టర్‌కి చెప్పింది అక్షరాలా జరిగిందే.

నీ పెట్టెలో జెరాక్స్ ఉందని నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు. నువ్వు నా పుస్తకమే తెరిచావనుకున్నాను. అందులో పాత పేజీ చూసి పని చేశావు, తర్వాత తప్పు ఎవరిదో నీకు తెలిసింది, అయినా లైసెన్సు పోయే వేళ కూడా నా మీద ఒక్క మాట అనలేదు అనుకున్నాను. నీ తప్పేమీ లేదని అందుకే అన్నాను. నువ్వు నడిచొచ్చి ఆ పుస్తకం తెరిచి ఉన్నా, నీకు దొరికేది నీ పెట్టె మూతకున్న ఆ పాత పేజీయే.

మొదటి పేరా పంపు. అది నిజం, నీది. దాని వెనక నా సొరుగు సంగతి నేనూ ఒక పేరా రాసి సంతకం పెట్టాను. రెండూ కలిపి పంపు. వాళ్లు ఏం చేస్తారో చూద్దాం.

నా పేరు చెడగొట్టకుండా నోరు మూసుకుని భరించిన అమ్మాయి అని, ఇరవై మూడేళ్లుగా ప్రతి ఆదివారం ప్రార్థనలో నీ పేరు చెప్పి కృతజ్ఞత తెలుపుకుంటున్నాను. అది దేనికో ఇప్పుడు నాకే తెలియడం లేదు. నిన్న కూడా చెప్పాను.