మూడు మరకల పేపరు

నాయనా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. చిత్తూరులో నీ డీజిల్ నాజిల్ రిపేరు షాపు మూసేశాం. నువ్వు చేత్తో కొట్టే టెస్టింగ్ పంపు మాత్రం తిరుపతికి నాతో తెచ్చుకున్నాను.

నాజిల్ నుంచి ఇంజన్లోకి డీజిల్ తుంపర్లుగా ఎలా విడిపోతుందో ఇక్కడ నా పీహెచ్‌డీ గైడు, మా సారు, కంప్యూటర్లో లెక్క కట్టిస్తాడు. నాలుగు రంధ్రాల నాజిల్‌కి ఒక్క రంధ్రం లెక్క కట్టి, మిగతా మూడూ అంతేననుకుంటాడు. ల్యాబులో అసలు నాజిల్‌తో తీసిన కొలతలు ఆ లెక్కతో కలవలేదు. మూడు నెలలు నాచేత అంకెలు మార్పించి, కలిసేదాకా సాగదీసి, జర్నల్‌కి పేపరు రాసి, "అద్భుతం!" అని తన భుజం తానే తట్టుకున్నాడు.

నిన్న ఆ నాజిల్‌ని నీ పంపుకు బిగించి, కింద పాత పేపరు పరిచి కొట్టాను. మూడే మరకలు పడ్డాయి. నాలుగో రంధ్రం మసితో పూడిపోయింది. "పేపరు మింద కొట్టి సూడకుండా నాజిల్ గురించి మాట్లాడేవాడు మెకానిక్కే కాదు పాపా" అనేవాడివి. ఈయన ఏకంగా డాక్టరేట్లు ఇప్పిస్తున్నాడు!

మరకలు చూపిస్తే ముక్కు మూసుకుని, "ఇలాంటివి పేపర్లో వెయ్యలేమమ్మా" అన్నాడు.

"పడిందే పేపరు మీద సార్" అన్నాను. ఆ మహానుభావుడికి అర్థం కాలేదు.

ఆయన పేపర్లోంచి నా పేరు తీసేయమన్నాను. మూడు మరకల పేపరు మీద మాత్రం మనిద్దరి పేర్లూ రాశాను. మొదటిది నీదే.