ప్లానులో లేని మల్లె

రాధా,

మన మెట్టుగూడ మేడ మీద తోట మారుతోంది. అమ్మాయి సుమ డిజైనర్‌ను పిలిచింది. గోడంతా వర్టికల్ గార్డెన్, కింద ప్లాస్టిక్ గడ్డి, ఫోన్‌తో నీళ్లు వదిలే డ్రిప్పు. ఆ ప్లానులో నీ మల్లెకు చోటు లేదు. నువ్వు పోయాక రెండు వేసవులూ అది పూయలేదు. ఎండిపోతోందేమోనని నేను రోజూ ఇంకో చెంబు నీళ్లు ఎక్కువ పోశాను.

కుండీ తీసేయడానికి వచ్చిన మాలి యాదమ్మ కొమ్మ గిల్లి చూసి ఆగింది.

"పచ్చిగనే ఉంది గద సార్. చలికాలం నీళ్లు బంద్ జేసి ఆకు దూసిన్రా?"

"లేదమ్మా."

"ఆకు దుయ్యకుంటే మల్లె ఎట్ల పూస్తది? ఇన్నేండ్లు ఎవరు దూసిన్రు మరి?"

"మా ఆవిడ."

"మీరేం జేసేటోళ్లు?"

"పక్కన కూర్చుని పేపరు చదివేవాణ్ని."

ఆమె నవ్వింది. "ఇప్పుడు సుత దేర్ గాలె, ఇంక టైముంది. దుయ్యున్రి."

అది విన్న సుమ, మల్లె కుండీ ఉన్న మూలన గడ్డి పరవొద్దని డిజైనర్‌కు చెప్పింది. నిన్న పొద్దున కూర్చుని ఆకులన్నీ దూశాను. ఎండలు ముదిరేసరికి పూస్తుందట. ఎన్నాళ్లు నీళ్లు ఆపాలో, కొమ్మలు ఎంతవరకు కత్తిరించాలో యాదమ్మను అడిగి రాసుకున్నాను. నువ్వు మొగ్గలు ఏ వేళకు కోసేదానివో మాత్రం ఆమెకు తెలియదు.