తాళం పడిన మట్టిచేప, ఎత్తేసిన శుక్రవారం గంట

అనకాపల్లి,
డిసెంబరు, 1964.

పాఠశాలల ఇనస్పెక్టరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా పేట ఎలిమెంటరీ స్కూలులో ఎత్తివేసిన బొమ్మల పీరియడును తిరిగి ఇప్పించుట గురించి.

ఈ అర్జీ రాయకుండా ఊరుకుందామనే చూసేను. కాగితం కొని చూరులో దోపేసేను కూడాను. మా మనవరాలికి సోమవారం వరకే గడువుంది గనక రాస్తున్నాను.

1. నేను బడికి వెళ్ళినవాణ్ణి కాను. సముద్రం ఒడ్డు నుంచి చేపల కావిడి మోస్తూ, దారిలో బోర్డులు చూసి అక్షరాలు పట్టేను. చాన్నాళ్ళు మునగపాక అన్న ఊరి పేరు తప్ప మరో మాట రాయడం వచ్చేది కాదు. ఎవరేది రాయమన్నా అదే రాసేవాణ్ణి. ఇది ప్రస్తుతాంశము కాదు.

2. మనవరాలు లోవమ్మ రెండో తరగతి. శుక్రవారం ఆఖరి గంటలో గంగాభవాని పంతులమ్మ గారు మట్టిముద్ద ఇచ్చి, "మీకు తోచింది చెయ్యండర్రా" అనేవారు. ఆ గంట కోసమే పిల్ల వారమంతా ఎక్కాలు ఓర్చుకునేది.

3. తాము తనిఖీకి వేంచేసినప్పుడు లోవమ్మ చేసిన చేపను చూసి, "బాగుంది, భద్రపరచండి" అని సెలవిచ్చియున్నారు. హెడ్మాస్టరు గారు తమ ఆజ్ఞ శిరసావహించి, పిల్లల బొమ్మలన్నీ అలమారులో పెట్టి తాళం వేసియున్నారు. మళ్ళీ వచ్చే తనిఖీకి చూపడానికి బొమ్మలున్నాయి గనక ఇక పీరియడు అనవసరమని, ఆ గంటకు కూడా ఎక్కాలే పెట్టియున్నారు.

4. నేను వెళ్ళి హెడ్మాస్టరు గారిని అడిగేను.

"బాబూ, మా పిల్ల చేపకి ఒక పక్క రెక్క పెట్టలేదట. ఓపాలి తియ్యండి, పెట్టేసుకుంటాది."

"స్టాకు రిజిస్టరులో ఎక్కిపోయింది తాతా. అదిప్పుడు సర్కారు సొత్తు."

"పోనీ, ఇంకోటి సేసుకోనివ్వండి."

"ఇంకోటా? అలమారులో చోటేదయ్యా?"

5. ఆనాటి నుంచి పిల్ల బడి గుమ్మం ఎక్కనంటోంది. మా కోడలు రామాయమ్మ బజారులో చేపలమ్ముతుంది. "బడికెల్తావా, నాతో బజారుకొత్తావా? సోమారం లోపల తేల్సుకోయే. ఇంట్లో కూకోబెట్టి మేపలేను" అంది. పిల్ల కాసేపు ఆలోచించి, "బజారుకే వత్తానమ్మా" అంది. ఏడిస్తే సముదాయించేవాణ్ణి. ఆలోచించి చెప్పింది, అయ్యా. అదే నా భయం.

మా ఇంట్లో చేపలమ్మినవాళ్ళకు కొదవలేదు. చేపను చేసింది ఇదొక్కతే.

కావున ఆ గంట పిల్లలకు తిరిగి ఇప్పించి, అందులో చేసినవేవీ ఎవరూ భద్రపరచరాదని కూడా ఒక ముక్క రాయించవలెను. మెచ్చుకున్నది తమరే గనక తమరే దీనిని సోమవారం లోగా చిత్తగించవలెనని ప్రాధేయపడుచున్న

తమ విధేయుడు,
పోలిరాజు.

తా.క. ఈవేళ ఆదివారం, పోస్టాఫీసు లేదు. ఈ ఉదయం రామాయమ్మ చిన్న తట్ట ఒకటి కొని తెచ్చింది. లోవమ్మ దాన్ని తన నెత్తిన పెట్టుకుని చూసింది. సరిపోయింది.