చికొండి తండ్రి పేరు

బేతంచెర్లలో ఉన్న మార్తమ్మక్కకు, కడప నుంచి తమ్ముడు దావీదు యేసయ్య నామంలో వందనాలతో రాయునది. ప్రభువు రెక్కల చాటున ఇక్కడ మేము క్షేమం. బావ దగ్గు తగ్గిందా? బండలు కోసే మిషన్ దగ్గర ముక్కుకు గుడ్డ కట్టుకోమని నా మాటగా గట్టిగా చెప్పు.

ఇక్కడ ఎండ మన గనుల ఎండలాంటిదే. నీళ్లే నోటికి పట్టవు. పని దొరికింది, దిగులు పెట్టుకోవద్దు. సాయంత్రాలు విశ్వవిద్యాలయానికి పోయి, పరదేశాల నుంచి చదువుకు వచ్చిన పిల్లలకు ఊరికే సాయం చేస్తున్నాను. గదులు వెతకడం, ఆసుపత్రికి తోడుపోవడం. పరదేశిని ఆదరించమని వాక్యం గద్దిస్తుంటే ఇంట్లో కూర్చోవడానికి నేనెవరిని? తెలుగు బైబిలు పక్కన పాతకాలపు ఇంగ్లీషు బైబిలు పెట్టుకుని నేర్చిన నా ఇంగ్లీషు విని, మలావీ దేశపు చికొండి "మా ముత్తాత ఇట్లే మాట్లాడేవాడు" అని నవ్వుతాడు. వాడి భోజనం మా ఇంట్లోనే. మన సంగటిలాంటిదే వాళ్లు మొక్కజొన్న పిండితో చేస్తారంట.

అక్కా, ఈ వారం నా గుండె మీద బండ పడింది. మలావీ నుంచి చికొండి వాళ్ల అన్న నాకు ఫోన్ చేశాడు. జబ్బుతో ఉన్న వాళ్ల తండ్రి చనిపోయాడు, సమాధి కూడా అయిపోయింది. పరీక్షలు అయ్యేదాకా తమ్ముడికి చెప్పొద్దని బతిమాలాడు. అబద్ధానికి తండ్రి సాతాను అని నేను కేకలేశాను. పక్కనే వింటున్న నీ మరదలు సుగుణ ఫోన్ లాక్కుని నన్ను కసిరింది.

"ఏందయ్యా నీ బోధ! పిల్లోడు నాలుగు మెతుకులు తింటాండాడు, తిననీ. పరీచ్చలైనంక చెప్పొచ్చు. నోరు మూసుకోని ఉండు."

మూసుకున్నాను. ఆ రాత్రి చికొండి భోజనానికి వచ్చి, నాన్న ఫోన్ ఎత్తడం లేదన్నాడు. "సిగ్నల్ లేదేమో నాయనా, తిను" అంది సుగుణ.

భోజనమయ్యాక ప్రార్థన. రోజూ ఆ తండ్రిని పేరు పెట్టి, స్వస్థపరచమని పైకప్పు అదిరేలా మొరపెట్టేవాడిని. మనుషుల ముందు దాచగలిగాను గానీ, చనిపోయిన మనిషిని స్వస్థపరచమని దేవుని ముఖం ఎదుట ఎట్లా అడగను? ఆ పేరు దాటేసి ఆమెన్ అన్నాను. మర్నాడూ అంతే.

నిన్న నేను ఆమెన్ అనేసరికి చికొండి కళ్లు తెరిచి నన్నే చూస్తున్నాడు.

"అయ్యగారూ, మా నాన్న పేరు చెప్పలేదు."

సుగుణ కొంగు నోట్లో కుక్కుకుంది.

"చెప్పండి!" అని అరిచాడు. నేను తల దించుకున్నాను.

"ఎప్పుడు?" అన్నాడు. చెప్పాను. "అయితే నాకు అన్నం పెట్టినప్పుడంతా మీకు తెలుసు" అని, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయాడు. ఇవాళ పరీక్ష రాశాడంట. భోజనానికి మాత్రం రాలేదు.

ఆ కుటుంబం కోసం మీ సంఘంలో ప్రార్థన చేయించు. ఈ ఉత్తరం పోస్టులో వేసి నేరుగా వాడి గదికి పోతున్నాను. సుగుణ సంగటి కట్టిచ్చింది. తిడితే పడతాను. తలుపు తీయకపోతే గడప దగ్గరే కూర్చుంటాను.

అమ్మకూ సంఘపెద్దలకూ వందనాలు. నీ దీవెన కోరే తమ్ముడు,

దావీదు