జెస్సీ బాగుందంటే నమ్మరు

వడమాలపేట,
జూలై 2007.

సుకుమారన్నా, వందనాలు. దేవుని దయవల్ల అందరం బాగున్నాం.

జెస్సీకి రక్తం కావాలని రెండేళ్ల కిందట నా నంబరు పెట్టి నువ్వు పంపిన మెసేజ్ ఇంకా తిరుగుతోంది. అప్పుడు అది చూసి ఒక్కరూ రాలేదు. రక్తమిచ్చింది ఆసుపత్రిలో పక్క మంచం పాప వాళ్ల నాయన. ఫోన్లు మాత్రం ఇప్పటికీ ఆగలేదు. బిడ్డ బాగుంది, బడికి పోతోందంటే, "అయితే అబద్ధమా? మావాళ్లందరికీ పంపినానే" అని కోప్పడతారు. మోసగత్తెననుకుంటారని భయపడి నిన్న ఒకామెతో, "ఇంకా బాగలేదమ్మా" అనేశాను. పాపం, ఇంకా చానామందికి పంపుతానంది.

జెస్సీ వెనకే నిలబడి ఉంది. "నాకేమైందిమా?" అని ఒకటే ఏడుపు. అన్నం ముట్టడం లేదు.

ఫోన్ చేసేవాళ్లకు ఇకమీదట ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. ముందు నువ్వొకసారి రా అన్నా. బాగున్నావని నేనెంత చెప్పినా జెస్సీ కూడా నమ్మడం లేదు.

నీ చెల్లెలు